వాషర్ కింద ఎరుపు

"ఇది చేసింది మీరేనా?"

తలుపు చప్పుడు కంటే ముందు ఆ ప్రశ్న వచ్చింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఒకమ్మాయి. బయట వాన దంచేస్తోంది. ఆమె జుట్టు, చొక్కా, బూట్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. చేతిలో ఉన్న కవరు మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడలేదు. తన కంటే ఆ కవర్నే జాగ్రత్తగా చూసుకునే మనిషని అప్పుడే అర్థమయింది.

"ఏది?" అన్నాను.

కవర్లోంచి రెండు ప్లాస్టిక్ ముక్కలు తీసి నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. రెండూ అరచెయ్యంత, మూడు మూలలవి. రెండింటి మీదా అదే బొమ్మ. వానలో గొడుగు పట్టుకుని పక్కకి చూస్తున్న ఒకమ్మాయి. ఒకటి పాతది, మధ్యలో పగులు. రెండోది కొత్తది, నాలుగు రోజుల కిందట నేనే కొరియర్‌లో పంపించాను.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి. పిన్‌బాల్ మెషిన్ మీరు చూసే ఉంటారు. అద్దం కింద వాలుగా ఒక బల్ల, దాని మీద దొర్లే ఉక్కు బంతి, కింద ఆ బంతిని తిప్పికొట్టే రెండు ఫ్లిప్పర్లు. ఆ బల్ల మీద బల్బులకి పైకప్పులా బొమ్మలున్న ప్లాస్టిక్ ముక్కలు బిగించి ఉంటాయి. బంతి తగిలి తగిలి అవి పగిలిపోతాయి. కొత్తవి కావాలంటే కంపెనీ ఇవ్వదు. ఎందుకంటే చాలా మెషిన్లకి కంపెనీయే లేదు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. నేను పాత ముక్కని స్కాన్ చేసి, బొమ్మని గీత గీతగా మళ్ళీ గీసి, పారదర్శకమైన షీటు మీద ప్రింట్ చేసి, ఆకారానికి కోసి ఇస్తాను.

ప్రింట్ చేసేది షీటు వెనకవైపు. అంటే బొమ్మని అద్దంలో కనిపించినట్టు తిరగేసి వెయ్యాలి. ముందు నల్ల గీతలు, తర్వాత రంగులు, అన్నిటికంటే చివర తెల్లపూత. ఇటు తిప్పి చూస్తే అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేసి చేసి నా బుర్ర కూడా అలాగే తయారైందని మా బాబాయి అభిప్రాయం. వర్క్‌షాపులో సగం ఆయన సైన్‌బోర్డుల షాపే. "వీడు చొక్కా కూడా లోపలి నుంచే ఇస్త్రీ చేస్తాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాడు.

"చేసింది నేనే. ఏమైంది?" అన్నాను.

"గొడుగు రంగు చూశారా?"

"చూశాను. రంగు కొలిచే మీటర్ పెట్టి మరీ చూశాను. పాత ముక్కలో ఏ ఎరుపు ఉందో కొత్తదాంట్లో అదే ఎరుపు. ఒక్క పాయింట్ తేడా లేదు."

"అదే నా కంప్లైంట్."

ఆమె జేబులోంచి ఒక స్క్రూడ్రైవర్ తీసింది. ఆడపిల్లల జేబుల్లో స్క్రూడ్రైవర్లు ఉంటాయని నాకు తెలీదు. పాత ముక్కకి స్క్రూ కన్నం దగ్గర తుప్పుతో అతుక్కుపోయిన వాషర్ ఒకటుంది. దాని కింద స్క్రూడ్రైవర్ కొన పెట్టి మెల్లగా ఎత్తింది. టిక్ మని ఊడొచ్చింది.

వాషర్ ఉన్న చోట గుండ్రంగా ఎరుపు. అది ఎరుపంటే. అప్పటిదాకా నేను ఎరుపు అనుకున్నది దాని పక్కన ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంది.

"ఈ వాషర్ కిందకి ఎండ రాలేదు, బల్బు వెలుతురూ రాలేదు. ముప్పై అయిదేళ్ళుగా మిగిలిన అసలు రంగు ఇదొక్కటే. మీరు గొడుగుతో పాటు ముప్పై అయిదేళ్ళ ఎండ కూడా ప్రింట్ చేసి పంపించారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్ని ముక్కలు చేశాను! ఎన్ని వాషర్లు పక్కన పారేశాను! ఒక్కసారి కూడా కింద చూడలేదు. అయినా ఏదో ఒకటి అనకపోతే పరువు దక్కదు కాబట్టి, "కవర్ని అంత జాగ్రత్తగా తెచ్చారు, మీరూ ఒక గొడుగు తెచ్చుకోవచ్చుగా?" అన్నాను.

"గొడుగు ఇందులోనే ఉంది" అంది, బొమ్మ మీద వేలు పెట్టి. నవ్వలేదు. కానీ నవ్వు ఎక్కడో దగ్గర్లోనే ఉంది.

లోపల్నించి బాబాయి గొంతు వినిపించింది. "టవల్ ఇవ్వరా ముందు. ఆ నీళ్ళకి ప్రింటర్ పాడవుతుంది."

*

"కొరియర్‌లో ముక్కలు పంపుకుంటూ చేసే పని కాదు. మెషిన్ దగ్గరికి రండి" అని ఆమె పట్టుబట్టడంతో మర్నాడు వెళ్ళాను.

రోడ్డు మీద నుంచి నాలుగు మెట్లు దిగితే పొడుగాటి హాలు. రెండు వరసల్లో పదకొండు మెషిన్లు. ఒక చివర టోకెన్లిచ్చే కౌంటర్, దాని వెనక వాళ్ళమ్మ. రెండో చివర ఒక మెషిన్ పొట్ట తెరిచి, అందులో తల పెట్టిన వాళ్ళ నాన్న. ఆయన మొహం చూడడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

హాలు మూలన దుప్పటి కప్పిన మెషిన్ ఒకటి ఉంది. ఆమె దుప్పటి లాగింది.

"ఈ హాల్లోకి మొదట వచ్చింది ఇదే. పన్నెండేళ్ళుగా ఆగిపోయి ఉంది. నాన్నకి ఇప్పుడు సన్న వైర్లు కనిపించవు. వైరింగంతా నేను మార్చేశాను. కాయిల్స్ కొత్తవి వేశాను. ఇక మిగిలింది మీ పనే" అంది.

"ఎప్పటికి కావాలి?"

"వచ్చే నెలాఖరుకి. ఆ పై నెల ఒకటో తారీఖున నేను వెళ్ళిపోతున్నాను."

"ఎక్కడికి?"

"వేరే ఊరు. పాత ఆటమెషిన్ల మ్యూజియంలో రిపేరింగ్ సెక్షన్. మూడుసార్లు అప్లై చేస్తే ఈసారి వచ్చింది. వెళ్ళేలోపు ఇది తిరగాలి. అమ్మా నాన్నా దీని మీద ఒక ఆట ఆడుతుంటే చూసి వెళ్ళాలి. అంతే నాక్కావలసింది."

ఆ క్షణంలో నాకేమీ అనిపించలేదని చెప్తే నిజమే చెప్పినట్టు. ఆరు వారాలుంది, పని అయిపోతుంది అనుకున్నాను. ఆరు వారాలంటే ఎంత తక్కువో తర్వాత తెలిసింది.

బల్ల మీదకి వంగి చూశాను. ఫ్లిప్పర్లకి పైన ఎడమ పక్కన గొడుగు అమ్మాయి ఉండాల్సిన చోటు. కుడి పక్కన దానికి జోడీ ఉండాలి. అక్కడ మూడు స్క్రూ కన్నాలు తప్ప ఏమీ లేదు.

"కుడివైపు ముక్క ఏది?"

"అదే సమస్య. పోయింది. ఇంకెక్కడా దొరకలేదు. ఫోటో కూడా లేదు" అంది.

"అందులో అబ్బాయి ఉంటాడు, ఆ పిల్ల వైపే చూస్తూ" అంది కౌంటర్లోంచి వాళ్ళమ్మ.

"అబ్బాయే, కానీ వీపు కనిపిస్తుంది. వెళ్ళిపోతుంటాడు" అన్నాడు మెషిన్ పొట్టలోంచి వాళ్ళ నాన్న.

"ఎందుకు వెళ్ళిపోతాడు? ఏం రోగం? చూస్తుంటాడు."

"నేను రిపేర్ చేసిన మెషిన్, నాకు తెలీదా?"

"నేను ఎదురుగా కూర్చున్న మెషిన్, నాకు తెలీదా?"

అమ్మాయి నా వైపు తిరిగి, "పన్నెండేళ్ళుగా ఇదే గొడవ" అంది మెల్లగా. తర్వాత నేను తెచ్చిన పాత ముక్కని అలవాటుగా వెనక్కి తిప్పింది. వెనక పట్టిన మసిని వేలితో తుడిచి, అలాగే నిలబడిపోయింది.

వెనక తెల్లపూత మీద పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు. తారీఖులు. ఒకదాని కింద ఒకటి, ఇరవై ఆరు. నాలుగు రోజులు ఆ ముక్క నా టేబుల్ మీదే ఉంది. వెనకవైపు ప్రింట్ చేసే నేను ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడలేదు.

"నాన్నా, ఇవేంటి?"

ఆయన బయటికి వచ్చి చూసి, "రిపేర్ చేసినప్పుడు విప్పిన దాని వెనక తారీఖు వెయ్యాలి. తర్వాత వచ్చేవాడికి తెలియాలిగా. ఈ పనిలో అందరూ వేస్తారు" అన్నాడు.

"అది నాకూ తెలుసు. నేనూ వేస్తాను. కానీ రెండేళ్ళలో ఇరవై ఆరుసార్లా? కొత్త మెషిన్ అన్నిసార్లు ఎందుకు చెడింది?"

ఆయన స్క్రూల డబ్బా వెతకడం మొదలుపెట్టాడు. స్క్రూల డబ్బా ఆయన చేతిలోనే ఉంది. కౌంటర్లో వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"చెడలేదే. మీ తాత హాలు ఇది. నేను ఇక్కడే కూర్చుని టోకెన్లు ఇచ్చేదాన్ని. ఈయన పక్క షాపులో మెకానిక్. నెల తిరిగేలోపే వచ్చి, బాగున్న మెషిన్ విప్పి, మళ్ళీ బిగించి వెళ్ళేవాడు. రెండేళ్ళు. నోరు మాత్రం విప్పలేదు. చివరికి నేనే అడిగాను, ఆ మెషిన్‌కి ఏం జబ్బో చెప్తారా అని."

ఆయన తిరిగి మెషిన్లో తల పెట్టేశాడు. ఆయన చెవులు మాత్రం బయటే ఉన్నాయి. ఎర్రగా.

*

గొడుగు ముక్క మళ్ళీ చేశాను, వాషర్ కింది ఎరుపుతో. దాన్ని బిగించడానికి ఆమె హాలుకి రమ్మంది. రెండు స్క్రూలు బిగించింది. చివరి స్క్రూ దగ్గర ఆగి, "కౌంటర్లో టార్చి ఉంటుంది, తెచ్చిపెడతావా?" అంది. కౌంటర్లో టార్చి లేదు. తిరిగొచ్చేసరికి స్క్రూ బిగించేసింది. టార్చి ఆమె జేబులోనే ఉంది.

"మర్చిపోయాను" అంది.

స్క్రూడ్రైవర్ని మర్చిపోని మనిషి టార్చిని ఎలా మర్చిపోయిందా అనిపించింది. కానీ అప్పటికే మీరు నుంచి నువ్వుకి వచ్చేశాం, ఆ సంతోషంలో ఎక్కువ ఆలోచించలేదు.

అప్పటికి నాకో పేరు కూడా పెట్టింది. తిరకాసు. "ఏది అడిగినా వెనక నుంచి మొదలుపెట్టి చెప్తావు. నీ దగ్గర తిన్నగా ఒక్క జవాబు రాదు" అనేది. అది నిజమే. ఆమె గురించి ఏమనుకుంటున్నావురా అని బాబాయి అడిగితే, ఆమె సోల్డరింగ్ చాలా నీటుగా ఉంటుందని చెప్పాను. బాబాయి నా వైపు జాలిగా చూశాడు.

"ఆ అమ్మాయి వచ్చిన రోజు ఏసీ ఎంతలో పెడుతున్నావో చూసుకున్నావా?"

"ఇంక్ త్వరగా ఆరకూడదని."

"ఇంక్ ఆరకూడదనా, అమ్మాయికి చెమట పట్టకూడదనా?"

నేను ఏసీ రిమోట్ తీసి సొరుగులో పెట్టేశాను.

మిగతా పదిహేడు ముక్కలూ ఒక్కొక్కటే అయ్యాయి. ఆమె పాతవి విప్పి తెచ్చేది, వాషర్ ఎత్తేది. నేను రంగు పట్టుకునేవాణ్ణి. పసుపు అనుకున్నది ఒకసారి తెలుపు. బూడిద అనుకున్నది ఒకసారి నీలం. ప్రతి వాషర్ ఎత్తినప్పుడూ ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూసేవాళ్ళం. మనుషుల్లోనూ ఇలా ఒక చోటు ఉంటుందేమో, వెలుతురు తగలక పాడవకుండా మిగిలిపోయిన చోటు అనిపించేది. ఆ మాట ఆమెతో అనాలనిపించేది. కానీ నోటి దాకా వచ్చేసరికి అది "ఈ నీలానికి రెండు పాయింట్లు నలుపు కలపాలి" అని మారిపోయేది.

నాలుగో వారంలో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. వాన లేకపోయినా మొహం తడిసినట్టు మెరుస్తోంది. అరచేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ పెంకు.

"క్యాబినెట్ అడుగున దుమ్ములో దొరికింది. కుడివైపు ముక్కదే. చూడు, బూటు!"

నిజంగానే బూటు. ఒక ప్యాంటు అంచు, ఒక బూటు, దాని పక్కన నాలుగు వాన చుక్కలు. వెనక తెల్లపూత అంతా రాలిపోయి, పెంకు ఎటు చూసినా ఒకేలా ఉంది. వెంటనే స్కానర్ మీద పెట్టాను. ఆమె నా భుజం పక్కగా వంగి స్క్రీన్ చూస్తోంది. ఆమె జుట్టులో సోల్డర్ పొగ వాసన. బూటు కొన కుడివైపుకి తిరిగి ఉంది. అంటే అమ్మాయికి వ్యతిరేక దిక్కు.

"నాన్నే గెలిచాడు. వెళ్ళిపోతున్నాడు" అంది ఆమె. గొంతులో ఉత్సాహం సగానికి తగ్గింది.

ఆ బూటుని పట్టుకుని మిగతా అబ్బాయిని నేను గీశాను. వాన, తడిసిన చొక్కా, వీపు. మూడు రోజులు గీశాను. గీస్తున్నంతసేపూ ఆ అబ్బాయి మీద కోపం వస్తూనే ఉంది. ఎరుపు గొడుగు పట్టుకుని అక్కడొకమ్మాయి చూస్తుంటే ఎటు పోతున్నావురా అని.

కాగితం మీద నమూనా తీసి హాలుకి పట్టుకెళ్ళాను. వాళ్ళ నాన్న గర్వంగా చూశాడు. వాళ్ళమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అయితే నేనే తప్పు చూశానేమో. రెండేళ్ళు దీని ఎదురుగా కూర్చున్నాను. చూస్తున్నాడనే అనుకున్నాను" అంది. అంతవరకూ గొడవపడి గెలవాలనుకున్న ఆయనకి ఆ గెలుపు రుచించలేదని మొహంలోనే తెలుస్తోంది.

అమ్మాయి పెంకు తీసుకుని దీపం దగ్గరికి వెళ్ళింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. గోటితో ఒకవైపు గీకింది. రెండోవైపు గీకింది. నా వైపు తిరిగింది.

"తిరకాసూ, ఇలా రా. నువ్వూ గీకి చూడు."

గీకాను. ఒకవైపు నున్నగా జారింది. రెండోవైపు గరుకుగా, గోటికి పొడి అంటింది. ఇంక్. నేను స్కానర్ మీద ఏ వైపు కిందకి పెట్టానో గుర్తొచ్చింది. ఇంక్ వైపు.

ఈ పనిలో మొదటిరోజు నేర్పేది ఇదొక్కటే. గీకి చూడు, నున్నటి వైపు నుంచి చూడు అని. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, పప్పులో కాలేశాను. బొమ్మని తలకిందులుగా కాదు, వెనక నుంచి చూశాను. అబ్బాయి వెళ్ళిపోవడం లేదు. బూటు కొన అమ్మాయి వైపే ఉంది.

"అంటే వస్తున్నాడా?" అంది వాళ్ళమ్మ.

"వస్తున్నాడు ఆంటీ. తప్పు నాది."

"నేను చెప్పలా!" అని ఆవిడ కౌంటర్ మీద చేత్తో కొట్టింది. టోకెన్ల డబ్బా ఎగిరి పడింది. ఓడిపోయిన వాళ్ళ నాన్న ఎందుకో నాకంటే సంతోషంగా కనిపించాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆమె అడిగింది. "ఇంత చిన్న తప్పు నువ్వెలా చేశావు?"

"స్కాన్ చేసేటప్పుడు వేరేవైపు చూస్తున్నాను."

"ఏ వైపు?"

"స్క్రీన్ వైపు" అన్నాను.

ఆమె "సరే" అని లోపలికి వెళ్ళిపోయింది. నా తలని గోడకేసి కొట్టుకుందామనుకున్నాను. కానీ గోడకి ఆమె అప్పుడే పెయింట్ వేసింది.

*

నెలాఖరుకి మూడు రోజులుంది. ఆమె రైలు టికెట్ కౌంటర్ గోడకి పిన్ను గుచ్చి ఉంది. నేను హాలుకి వెళ్ళినప్పుడల్లా ముందు కనిపించేది అదే.

ఆ అబ్బాయి బొమ్మ చివరి ప్రింట్ వేస్తూ ఒక నిర్ణయానికొచ్చాను. నోటితో రాదు. అది తేలిపోయింది. కానీ నాకు వచ్చిన పని ఒకటుంది. తెల్లపూత వేసి ఆరబెట్టాక, దాని మీద లేత బూడిద రంగులో ఒక వాక్యం ప్రింట్ చేశాను. వెనక్కి తిప్పి చూసేవాళ్ళకి తిన్నగా కనిపించేలా.

'నువ్వంటే నాకు ఇష్టం. వెళ్ళేలోపు చెప్పాలని.'

ఆమె ఏ ముక్కనైనా బిగించే ముందు వెనక్కి తిప్పి తారీఖు వేస్తుంది. అప్పుడు చూస్తుంది. నేను పక్కన ఉండక్కర్లేదు, నీళ్ళు నమలక్కర్లేదు. ముందువైపుకి ఏమైనా కనిపిస్తోందేమోనని కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. తెల్లపూత మందంగానే ఉంది. ఏమీ కనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం హాలుకి తీసుకెళ్ళాను. బాబాయి కూడా వచ్చాడు, మెషిన్ చూస్తానని. నేను ముక్కని ఆమె చేతికి ఇవ్వబోయాను.

"ఇలా ఇవ్వు బాబూ. ఇదొక్కటి నేను బిగిస్తాను" అన్నాడు వాళ్ళ నాన్న.

నేను ముక్కని వదల్లేదు. "అంకుల్, తారీఖు వెయ్యాలిగా, తను వేస్తుందేమో..."

"అది చెడినప్పుడు వేస్తారు. ఇది కొత్తది. ఇక చెడదు."

ఆయన వెనక్కి తిప్పనేలేదు. తడుముకుంటూ మూడు స్క్రూలూ బిగించేశాడు. చూపు తగ్గినా ఆ చేతులకి ఆ కన్నాలు తెలుసు. నా వాక్యం చెక్కకీ ప్లాస్టిక్‌కీ మధ్య చీకట్లోకి వెళ్ళిపోయింది. ఇంకో ముప్పై అయిదేళ్ళు అక్కడే ఉంటుందనుకున్నాను.

"స్విచ్ వేస్తున్నా. నిన్న రాత్రి పాత బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాను. అమ్మకీ నాన్నకీ బాగా కనిపించాలని. పాతవాటికంటే నాలుగింతల వెలుతురు" అంది ఆమె.

నాలుగింతలు అన్న మాట నా చెవిలో పడేలోపే స్విచ్ పడింది.

మెషిన్ మేలుకుంది. పసుపు, నీలం, ఆకుపచ్చ ఒక్కసారిగా వెలిగాయి. ఎడమవైపు ఎర్ర గొడుగు. కుడివైపు వానలో తడుస్తూ, ఆమె వైపు వస్తున్న అబ్బాయి. వాళ్ళమ్మ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

"అబ్బాయి చొక్కా మీద మరకలేంటి?" అన్నాడు వాళ్ళ నాన్న, వంగి.

మరకలు కావు. కింద నుంచి వస్తున్న వెలుతురు తెల్లపూతని దాటి, నా వాక్యాన్ని నీడలా పైకి తెచ్చింది. తిరగేసిన అక్షరాలు, భుజం నుంచి మోచేతి దాకా.

"ప్రింట్ తేడా కొట్టిందిరా" అన్నాడు బాబాయి.

ఆ గదిలో తిరగేసిన అక్షరాల్ని తడుముకోకుండా చదవగలిగినవాళ్ళం ఇద్దరమే. ఒకడు నేను. రెండో మనిషి ఆరు వారాలుగా నా పక్కన కూర్చుని తిరగేసిన బొమ్మలే చూసింది. ఆమె చదివింది. చదవడం అయిపోయిందని ఆమె మెడ మీద రంగే చెప్పింది. వాషర్ కింది ఎరుపు. నా వైపు చూడలేదు.

"అక్షరాల్లా ఉన్నాయే" అంది వాళ్ళమ్మ, కళ్ళు చికిలించి. "ఉండండి." హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం తీసింది.

"ఆంటీ, వద్దు, నేను మళ్ళీ ప్రింట్ చేసి..."

అద్దం పెట్టేసింది. చదివింది. ఒకసారి మనసులో, ఒకసారి పెదాలతో. తర్వాత అద్దాన్ని భర్త చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ వంచి, చాలాసేపు చదివాడు. పారిపోదామని చూస్తే మెట్లకి అడ్డంగా బాబాయి.

వాళ్ళ నాన్న అద్దం దించాడు. "ఎన్నాళ్ళుగా?" అన్నాడు నన్ను.

"ఆరు వారాలంకుల్."

"నయం. నాకు రెండేళ్ళు పట్టింది" అన్నాడు. అని భార్య వైపు తిరిగి, "రావోయ్, మనం ఆడదాం. వాళ్ళ మెషిన్ ఏదో వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

అమ్మాయి మెషిన్ దగ్గరికి వచ్చింది. బల్ల మీది అద్దం పైకెత్తి పట్టుకుని, "గొడుగు ముక్కకి చివరి స్క్రూ లూజుగా ఉంది. ఆట మొదలుపెట్టే ముందు నువ్వు ఒకసారి చూడు, తిరకాసూ" అంది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చింది.

అందరూ చూస్తుండగా అంత పెద్ద మాట బయటపడితే, నాకు దక్కింది లూజు స్క్రూ. స్క్రూ తిప్పాను. లూజుగా లేదు. గట్టిగానే ఉంది. విప్పాను. వాషర్ ఎత్తాను.

కన్నం చుట్టూ గుండ్రంగా, వాషర్ దాచేంత చోటులో, సన్నటి పెన్‌తో రాసి ఉంది. 'ఎప్పుడు చెప్తావు?' దాని పక్కన తారీఖు. నాకు టార్చి వెతికే పని పెట్టిన రోజుది.

తలెత్తాను. అద్దం అవతల ఆమె. ఈసారి నవ్వు దగ్గర్లో కాదు, మొహం నిండా ఉంది.

"ఇక్కడ రాస్తే నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

"ప్రతిదానికీ వాషర్ ఎత్తి చూడమని నీకు మొదటిరోజే నేర్పాను. చూస్తావనుకున్నా."

"చూడకపోతే?"

"చూడకపోతే వెళ్ళిపోయేదాన్ని. ఎప్పటికైనా విప్పుతావుగా, అప్పుడు ఏడుస్తావనుకున్నా" అంది. తర్వాత మెల్లగా, "నేనూ ఏడ్చేదాన్ని" అంది.

"రైలు?"

"ఎల్లుండి వెళ్తున్నాను. అందులో మార్పు లేదు."

"తెలుసు. వెళ్ళాలి కూడా."

"అక్కడ మొత్తం నూట నలభై మెషిన్లు. ఒక్కదానికీ ప్లాస్టిక్కులు సరిగ్గా లేవట. మీటర్ నమ్ముకునేవాడు వాళ్ళకి అక్కర్లేదని చెప్పాను. గోటితో గీకి చూసేవాడు ఒకడున్నాడని కూడా చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"నువ్వు బూటు తిప్పి గీసిన రోజు సాయంత్రం."

"తప్పు చేసిన రోజా?"

"ఏ వైపు చూస్తూ తప్పు చేశావో నాకు తెలుసు" అంది.

వెనక నుంచి వాళ్ళమ్మ కేకేసింది. "స్క్రూ అయిందా? పన్నెండేళ్ళు ఆగాం ఇక్కడ!"

"ఆ అబ్బాయి ముక్క మళ్ళీ ప్రింట్ చేసి తెస్తానాంటీ, మరక లేకుండా" అన్నాను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది వాళ్ళమ్మ. "వస్తున్నవాడు ఏదో ఒకటి చెప్తూ రావాలిగా. ఉండనీ."

అమ్మాయి చెవి వెనక ఉన్న పెన్ను తీసుకున్నాను. 'ఎప్పుడు చెప్తావు?' కింద కాస్త చోటు మిగిలి ఉంది. పని చేసినవాళ్ళు వేసినట్టే ఆ రోజు తారీఖు వేశాను. వాషర్ పెట్టి, స్క్రూ బిగించి, అద్దం దించాను. వాళ్ళ నాన్న మొదటి బంతి వదిలాడు.